అప్పన్న బొమ్మ ఎలా వెయ్యాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దేవుళ్ల గురించే. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కాబట్టి నాలుగే తీసుకున్నాను.

మా పాప ఐదో తరగతి. స్కూల్లో మన ఊరి దేవుడి బొమ్మ వెయ్యమంటే సింహాచలం అప్పన్నని శివలింగంలా గుండ్రంగా వేసింది. మేం ఎప్పుడు వెళ్లినా అలాగే కనిపిస్తాడు కదా. టీచర్ తప్పని కొట్టేసి సింహం ముఖం వెయ్యమన్నారట. ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఏది కరెక్టు? (గాజువాక నుంచి ఓ తల్లి)

పాప వేసిందే కరెక్టండీ, ఏడాదిలో ఒక్క రోజు తప్ప స్వామి ఒళ్లంతా గంధం పూసి అలాగే ఉంటాడు. టీచరుగారు చెప్పింది మాత్రం ఏ రోజుకీ కరెక్టు కాదు, ఎందుకంటే గంధం తీసేసినా లోపల ఉన్నది సింహం ముఖం కాదు, వరాహ ముఖం. మనిషి శరీరం, రెండు చేతులు, ఒంటిని కాస్త వంచి నిలబడిన భంగిమ. పేరు వరాహలక్ష్మీనరసింహస్వామి, అంటే రెండు అవతారాలు ఒకే విగ్రహంలో. మనం నోటితో "నరసింహస్వామి" అనేసి వరాహాన్ని వదిలేస్తాం, అందుకే ఈ గందరగోళమంతా.

వైశాఖ శుద్ధ తదియ, అదే అక్షయ తృతీయ నాడు చందనోత్సవం. ఆ రోజు గంధం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. రాత్రికి అభిషేకం చేసి మళ్లీ మూడు మణుగుల గంధం పూస్తారు. మణుగుల లెక్క మర్చిపోయినవాళ్లకి, మూడు మణుగులంటే దాదాపు 125 కిలోలు. అక్కడితో అయిపోదు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణమిలకి మూడేసి మణుగుల చొప్పున, మొత్తం పన్నెండు మణుగులు. అంటే మీరు వైశాఖంలో చూసిన స్వామి కంటే శ్రావణంలో చూసే స్వామి ఇంకాస్త ఒళ్లు చేసి ఉంటాడు. చందనోత్సవానికి ముందు గుళ్లో గంధం చెక్కలు అరగదీసే పని రోజుల తరబడి నడుస్తుంది.

ఎందుకు పూస్తారంటే స్థలపురాణం ఒకటి చెబుతుంది, జనం నోటి కథ ఇంకొకటి చెబుతుంది. పుట్టలో ఉన్న స్వామిని పురూరవ చక్రవర్తి బయటికి తీస్తే, తీసిన మట్టికి సరిపడా గంధం పూయాలని, ఏడాదికొక్కసారే నిజరూపం చూడాలని ఆకాశవాణి చెప్పిందట. ఇది పురాణం. రెండోది, ఇది ఒకప్పుడు శివుడి గుడి అని, రామానుజాచార్యుల కాలంలో వైష్ణవం చేశారని, గంధం కప్పింది అందుకేనని. పెద్దవాళ్ల దగ్గర ఈ మాట ఎత్తి చూడండి, ఓ గంట వాదన గ్యారంటీ. నా మటుకు నాకు కథ కంటే రాళ్ల మీద నమ్మకం ఎక్కువ. గుళ్లో 1098-99 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం ఉంది, కృష్ణదేవరాయలు 1516లోను, 1519లోను వచ్చి కానుకలిచ్చిన శాసనాలున్నాయి. ఇప్పుడు మనం చూసే గుడి 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి కాలంలో కట్టించింది. కోణార్క సూర్యదేవాలయం కట్టించిందీ ఆయనే. ఈసారి ప్రదక్షిణ చేసేటప్పుడు పాపని బయటి గోడల దగ్గర ఆపండి. హిరణ్యకశిపుణ్ణి చీల్చే నరసింహుడు అక్కడున్నాడు. టీచరుగారికి కావల్సిన సింహం ముఖం అదే.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఫ్రెండ్‌ని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లాను. మనమే వెళ్లి అమ్మవారిని ముట్టుకుని పసుపు కుంకుమ రాయడం చూసి షాకయ్యాడు. ఇది శాస్త్రానికి విరుద్ధం అంటాడు. ఏం చెప్పాలి? (మధురవాడ)

శ్రీశైలంలో మల్లన్నని ముట్టుకునే స్పర్శ దర్శనం కోసం టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు కదా, అక్కడ రాని అనుమానం ఇక్కడెందుకొచ్చిందో ముందు ఆయన్ని అడగండి.

సంగతేంటంటే, ఆగమం ప్రకారం ప్రతిష్ఠ చేసిన విష్ణు ఆలయాల్లో మూలవిరాట్టుని ముట్టుకునేది అర్చకులే. అమ్మవార్ల పద్ధతి వేరు. ఊరిని కాచే తల్లి, ఊళ్లో అందరి తల్లి, తల్లిని ముట్టుకోవడానికి మధ్యలో మనిషెందుకు అన్నది ఇక్కడి లెక్క. బురుజుపేట అమ్మవారికి నెత్తి మీద కప్పు కూడా లేదు, ఎండైనా వానైనా అలాగే. ఎడమ చెయ్యి సగానికి లేదు. విరిగిన విగ్రహం పూజకి పనికిరాదనే శాస్త్రం కూడా ఒకటుందని మీ ఫ్రెండ్‌కి గుర్తొచ్చేలోపు నేనే చెప్పేస్తున్నాను. 1912లో బావిలో దొరికిందని, 1917లో రోడ్డు కోసం అక్కణ్ణుంచి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ తెచ్చి పెట్టాకే తగ్గిందని గుడివాళ్లు చెప్తారు. ప్లేగు సంగతి నమ్మినా నమ్మకపోయినా, మార్గశిర మాసం గురువారం తెల్లవారుజామున ఆ సందులో నిలబడితే శాస్త్రం గురించి అడిగేవాళ్లు ఒక్కరూ కనపడరు.

ఇంకో మాట. మన ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా చాలా గుళ్లలోకి దళితుల్ని గడప కూడా తొక్కనిచ్చేవారు కాదు. అప్పుడూ శాస్త్రమే అన్నారు. అందుకని ఎవరైనా "ముట్టుకోవడం శాస్త్రవిరుద్ధం" అంటే, ఎవరు ముట్టుకుంటే అని ఎదురు అడగడం నాకు అలవాటు. మీ ఫ్రెండ్ అంత ఆలోచించి అని ఉండడు లెండి.

అత్తగారు పోయాక బీరువా సర్దుతుంటే ముప్పై ఏళ్ల దేవుళ్ల క్యాలెండర్లు దొరికాయి. అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం కూడా ఉంది. చించాలంటే భయం, ఉంచాలంటే చోటు లేదు. (ఎంవీపీ కాలనీ)

భయపడకండి. పూజలో పెట్టి ప్రతిష్ఠ చేసుకున్నవి కావు, గోడకి తేదీల కోసం తగిలించినవి. బాగున్న బొమ్మలు రెండు మూడు కత్తిరించి ఉంచుకోండి, మిగతా కాగితం నీళ్లలో నానబెట్టి మొక్కల మొదట్లో మట్టిలో కలిపేయండి. ఆ లక్ష్మీదేవికి కొత్త అద్దం వేయించండి, పోయేది లేదు. దయచేసి బీచ్‌కి మాత్రం తీసుకెళ్లకండి, రావిచెట్టు కింద వదిలేసి దండం పెట్టి వచ్చేయకండి. మా వీధి చివర చెట్టు మొదట్లో పటాలు ఎంత పేరుకుపోయాయంటే చెట్టుకి నీళ్లు పోసే దారి లేదు.

అన్నట్టు, తామరపువ్వు మీద చీర కట్టుకుని నిలబడి ఉన్న లక్ష్మీదేవి అయితే పారెయ్యకండి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో రంగుల అచ్చు ప్రెస్ పెట్టి దేవుళ్ల బొమ్మలు వేలల్లో వేశాడు. గుడి లోపలికి రానివ్వని ఇళ్లలోకి కూడా దేవుడు కాగితం మీద నడిచి వచ్చింది అలాగే. ఇప్పుడు మనం కళ్లు మూసుకుంటే కనపడే లక్ష్మి, సరస్వతి చాలావరకు ఆయన వేసినవాళ్లే. మీ దగ్గరున్నది ఏ పాత ప్రింటో ఎవరికి తెలుసు, ముందు వెనక తిప్పి చూడండి.

మాకు త్వరలో బిడ్డ పుట్టబోతోంది. అబ్బాయైతే అప్పలరాజు అని పెట్టాలని నాన్న పట్టు, సింహాచలం అప్పన్నకి మొక్కు అట. మా ఆవిడ "ఆఫీసులో నవ్వుతారు" అంటోంది. మధ్యలో నేను నలిగిపోతున్నా. (పెందుర్తి)

నవ్వేవాళ్ల తాతల పేర్లు అడగండి ముందు. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, పైడితల్లి, పైడిరాజు, నూకరాజు, పోలమ్మ, వీళ్లు లేని ఇల్లు చూపించమనండి. పేరు వినగానే ఏ ఊరి దేవుడో, ఏ ఊరి తల్లో తెలిసిపోతుంది. ఇప్పుడు పెడుతున్న రెండక్షరాల పేర్లు వింటే ఏ రాష్ట్రమో కూడా అంతుపట్టదు. నా పక్షపాతం మీకు తెలిసిపోయింది కాబట్టి దాచను.

అయినా మీ ఆవిడ తొమ్మిది నెలలు మోస్తోంది, ఆమె మాటే ముందు. సర్టిఫికెట్‌లో ఆమెకి నచ్చిన పేరు పెట్టి, దానికి ముందు అప్పల చేర్చండి. మొక్కు తీరినట్టే, కావాలంటే కొండ మీద అర్చకుల్ని కూడా అడగండి. మీ నాన్నగారు ఎలాగూ ఇంట్లో అప్పలరాజూ అనే పిలుస్తారు, ఆపడం మీ వల్ల కాదు.

అబ్బాయో అమ్మాయో తేలాక పేరు వెతుకుదాం అనుకుంటున్నారేమో, సింహాచలం అని పెట్టండి. మన వైపు ఆ పేరు ఇద్దరికీ పెడతారు, ఆ టెన్షన్ కూడా ఉండదు.