రక్తంలో సీసం 18 వచ్చింది... మందు మొదలుపెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. బాబుకు రెండున్నరేళ్లు, పాపకు ఐదు. బాబు గోడ గీకి తింటున్నాడని డాక్టరుకు చూపిస్తే రక్త పరీక్ష చేయించారు. సీసం 18, హిమోగ్లోబిన్ 9 వచ్చాయి. మా ఆయన ఇంటి ముందు షెడ్డులోనే పాత బ్యాటరీలు విప్పి బాగుచేస్తారు. సీసాన్ని బయటికి లాగేసే మందు ఉందట కదా, వాడమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ మందు పేరు సక్సిమర్. డెసిలీటరు రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటేనే సాధారణంగా ఇస్తాం. 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే రక్తంలో సీసం తగ్గింది గానీ, తెలివితేటలకు మేలేమీ కనిపించలేదు. అలాగని 18ని తేలిగ్గా తీసుకోకండి. 5 ఉన్నా సరే, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పాత బ్యాటరీల్లో ఉండేది సీసమే కాబట్టి మీ ఇంట్లో నాకు ముందుగా అనుమానం ఆ షెడ్డు మీదే. దాన్ని ఇంటికి దూరంగా మార్చడమే అసలు వైద్యం. బతుకుతెరువుతో ముడిపడిన పని, చెప్పినంత తేలిక కాదని తెలుసు. మార్చేదాకా ఆయన స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. తినే ముందు, పడుకునే ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి. పాత పెయింటు పెచ్చులూడుతుంటే బాబును అటు పోనివ్వకండి, పొడిగా గీకించకండి. పాత పెయింటులాగే సుర్మా, నాటు భస్మాల్లోనూ సీసం ఉండొచ్చు, వాడుతుంటే ఈరోజే ఆపేయండి.

గోడ తినడం చాలాసార్లు ఐరన్ లోపం వల్లే. పైగా ఐరన్ తక్కువుంటే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటాయి. అందుకే బాబు బరువును బట్టి మీ డాక్టరు రాసిచ్చే ఐరన్ చుక్కలు మానకుండా వేయండి. కోడిగుడ్డు, మునగాకు పప్పు, రాగి జావ, నిమ్మరసం పెట్టండి. కడుపు ఖాళీగా ఉంచకండి.

వేలికి గుచ్చి తీసిన రక్తమైతే చర్మం మీది దుమ్ము వల్ల అంకె పెరగొచ్చు. నెలలోపు నరం నుంచి తీయించి మళ్లీ చూడండి. ఈలోగా వాంతులు ఆగకపోయినా, మగతగా పడి ఉన్నా, తూలినా, ఫిట్స్ వచ్చినా ఒక్క గంట కూడా ఆగకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పాపకూ, మీ ఆయనకూ ఈ వారమే పరీక్ష చేయించండి.