ముందు పద్దులు రాసే మనిషి

చిరంజీవి అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. వెంటనే జవాబు రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు, అందులోని ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మీ మహిళా ఆశ్రయం గురించి “ఒక్క గ్రాంటు వస్తే చాలు పిన్నీ, ఇక నిలదొక్కుకుంటాం” అని రాశావు. ఇరవై రెండేళ్ల క్రితం మా ఆశ్రయ సంస్థ కార్యవర్గం ముందు నేను అన్నదీ ఇదే మాట. గ్రాంటు వచ్చింది. వచ్చిన తొమ్మిదో నెలలో మా వంటావిడ చెవికమ్మలు తాకట్టు పెట్టి ఇంటి అద్దె కట్టుకుంది. ఆమె జీతం మా దగ్గర ఆగింది, మా రెండో విడత డబ్బు ఏదో బల్ల మీద ఆగింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, ఆయన ఎప్పుడో ఒకసారి గ్రాంటు కోసం తిరిగే ఉంటాడు.

నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు ఇది. దెబ్బలు తిని, అత్యాచారానికి గురై, బిడ్డను చంకనేసుకుని అర్ధరాత్రి గడప దాటిన మనిషికి ఊళ్లో ఒక తలుపు తెరిచి ఉండాలంటే ప్రభుత్వం డబ్బు కావాల్సిందే. చందాలతో ఆ పని ఏళ్ల తరబడి నడవదు. అయితే ఆ డబ్బు నడక తీరు తెలుసుకుని అడుగు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు చెబుతాను. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, 2013 కేంద్ర బడ్జెట్‌లో స్త్రీల భద్రత కోసం వెయ్యి కోట్ల రూపాయలతో నిర్భయ నిధి పెట్టారు. హింసకు గురైన స్త్రీలకు కావాల్సిన సాయమంతా ఒకే చోట అందించే సఖి వన్ స్టాప్ సెంటర్లు, స్త్రీల 181 హెల్ప్‌లైను ఈ నిధి డబ్బుతోనే 2015లో మొదలయ్యాయి. 2022లో ఈ పథకాలన్నిటినీ మిషన్ శక్తి గొడుగు కిందికి తెచ్చి రెండు పాయలు చేశారు. సఖి, 181 ఉన్న పాయ పేరు సంబల్, దాని ఖర్చు మొత్తం కేంద్రానిదే. రెండోది సామర్థ్య. నిరాశ్రయ స్త్రీల కోసం మా కాలం నుంచీ ఉన్న స్వాధార్ గృహాలనూ, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల గృహాలనూ కలిపి శక్తి సదన్ అని పేరు మార్చి అందులో పెట్టారు. దీనికి కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు ఇవ్వాలి. నువ్వు అడగబోయేది ఈ రెండోదే కదా! రెండు ప్రభుత్వాల డబ్బు అంటే రెండు చోట్ల కదలాల్సిన ఫైలు. ఒకటి కదిలి ఇంకొకటి కదలకపోతే నీ దగ్గరికి వచ్చేది ఉత్త మంజూరు కాగితమే.

అందుకే, కౌన్సెలర్ కన్నా ముందు లెక్కలు రాసే మనిషిని పెట్టుకో. ఈ మాట చదివి నీ మొహం ఎలా మారిందో నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది. సోషల్ వర్కులో ఎం.ఎస్.డబ్ల్యూ చదివిన ఇద్దరు అమ్మాయిలు సిద్ధంగా ఉన్నారని రాశావు. ఉండనీ. వాళ్లు చేసే పని నిలబడాలంటే బీకాం చదివి, ఏ రోజు వోచరు ఆ రోజే అతికించే ఓపిక ఉన్న ఒక్క మనిషి కావాలి. పూట పనికి వచ్చినా సరే. మాకు మొదటి మూడేళ్లు అటువంటి మనిషి లేరు. క్యాష్ బుక్కు నేనే రాసేదాన్ని, అదీ ఆదివారాలు. గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అదే యూసీ, ఆలస్యమైతే తర్వాతి విడత రాదు. విడత రాకపోతే జీతాలు లేవు. వంటావిడ కమ్మల కథకు సగం కారణం ఆ కార్యాలయమైతే, మిగతా సగం నా ఆదివారాలే.

అప్లికేషన్ సంగతి పొడవుగా చెప్పను. సొసైటీ రిజిస్ట్రేషను, పాన్ కార్డు, ఆదాయపు పన్ను వాళ్లు ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వారు పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో ఐడీ, ప్రభుత్వ చెల్లింపులు నడిచే పీఎఫ్ఎంఎస్‌లో బ్యాంకు ఖాతా నమోదు, సాధారణంగా అడిగే మూడేళ్ల ఆడిట్ లెక్కలు. వీటిలో ఏ ఒక్కదాంట్లోనైనా సంస్థ పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకో. మా పేరులో ‘మహిళ’కు ఇంగ్లీషులో ఒక చోట చివర హెచ్ ఉంది, ఒక చోట లేదు. దానికి నాలుగు నెలలు పట్టింది.

గ్రాంటుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరువు. దాని మీద వచ్చే వడ్డీ మనది కాదని గుర్తుపెట్టుకో. లెక్కలు తేలాక ఆ వడ్డీని ప్రభుత్వానికి జమ చేయాలని సాధారణ ఆర్థిక నియమావళి 2017 స్పష్టంగా చెబుతోంది. మేము ఒక వేసవిలో ఆ వడ్డీతో పిల్లల గదికి సీలింగ్ ఫ్యాను కొన్నాం. ఆడిట్ అభ్యంతరం వచ్చింది, నలుగురం చేతి డబ్బు వేసుకుని కట్టాం. గ్రాంటుతో కొన్న బీరువాకూ మంచానికీ నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించు. పాతబడినా అనుమతి లేకుండా అమ్మకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బడ్జెట్‌లో ఏం అడగాలి?

నువ్వు పంపిన చిత్తుప్రతిలో లాయరు ఫీజు ఉంది, మందుల ఖర్చు ఉంది. రెండూ కొట్టెయ్. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 ప్రకారం, ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, అక్కడ న్యాయ సాయం అందేలా తోడ్పడే పారా లీగల్ వాలంటీర్లతో పరిచయం పెంచుకో. అత్యాచార బాధితులకూ, యాసిడ్ దాడి బాధితులకూ ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో అది 357సి, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 397వ సెక్షన్. చట్టం ప్రకారం వేరొకరు చేయాల్సిన పనికి నీ గ్రాంటులో పద్దు పెడితే, వాళ్లు ఆ పని మానేసి మనిషిని నీ దగ్గరికే పంపడం మొదలుపెడతారు. చూసిందే చెబుతున్నాను.

ఎవరూ డబ్బు ఇవ్వని చోట్లు వేరే ఉన్నాయి. వాటి కోసం అడుగు.

ఒక రాత్రి పదకొండు దాటాక ఒకావిడ వచ్చింది. ఏడేళ్ల కొడుకు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో బిడ్డ స్కూలు పుస్తకాలు ఉన్నాయి, బట్టలు లేవు. కాళ్లకు చెప్పులు లేవు. ఆటో అతను బయట డబ్బు కోసం నిలబడ్డాడు. ఆటోకు నూట ఎనభై, పొద్దున్నే ఇద్దరికీ చెప్పులు, ఆమె ఫోను భర్త లాక్కున్నాడు కాబట్టి ఒక పాత ఫోను, అందులోకి కొత్త సిమ్ము. మొత్తం రెండు వేలు కూడా కాలేదు. ఏడాది చివర ఆడిటరు వోచరు పైకెత్తి అడిగాడు: “చెప్పులు ఏ పద్దులో వేశారమ్మా?” ఆహారం ఉంది, వైద్యం ఉంది, స్టేషనరీ ఉంది. చెప్పులకు పద్దు లేదు. చివరికి ఆ బిల్లు నా సొంత ఖాతాలోకి వచ్చింది. మరుసటి ఏడాది ప్రతిపాదనలో ‘తక్షణ అవసరాలు’ అని ఒక పద్దు పెట్టి, ఒక్కొక్కరికి ఎంత దాకా ఖర్చు చేయవచ్చో, ఎవరి సంతకంతో చేయవచ్చో కార్యవర్గ తీర్మానం రాయించాను. నీ బడ్జెట్‌లోనూ ఆ పద్దు ఉండాలి.

రెండో ఖాళీ, ఆరో రోజు. సఖి కేంద్రంలో బాధితురాలు తాత్కాలికంగా ఐదు రోజుల దాకా ఉండవచ్చు. ఆ తర్వాత ఎక్కడికి? పుట్టింటివాళ్లు తీసుకెళ్లరు, మొగుడింటికి పంపలేం. “మా జిల్లా సఖి కేంద్రంతో పోటీ పడతాం” అన్నట్టు రాశావు, అది వద్దు. ఆ కేంద్రం నిర్వాహకురాలి దగ్గర కూర్చుని, ఐదు రోజుల తర్వాత వాళ్లు ఎంతమందిని ఎక్కడికి పంపుతున్నారో పేర్లు లేకుండా అంకెలు తీసుకో. ఆ అంకెలే నీ ప్రతిపాదనకు బలం. స్త్రీల మీద హింస పెరిగిపోతోందని నాలుగు పేజీలు రాస్తే సెక్షన్ గుమాస్తా తిప్పేసి వెనక పేజీకి వెళ్తాడు. పోయిన ఏడాది ఈ జిల్లాలో ఇంతమందికి ఆరో రోజు చోటు లేకపోయిందని ఒక్క వరుస రాస్తే కలెక్టరు దాకా వెళ్తుంది.

మూడోది కోర్టు వాయిదాలు. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి కూలి పోగొట్టుకుని, బస్సు ఎక్కి, వరండాలో నిందితుడి బంధువుల ఎదుట సాయంత్రం దాకా నిలబడుతుంది. పక్కన మనవాళ్లు ఒకరు కూర్చుంటే ఆమె మరుసటి వాయిదాకు వస్తుంది, లేకపోతే రాజీ కాగితం మీద సంతకం పెడుతుంది. తోడు వెళ్లే మనిషికి జీతం, ఇద్దరికీ బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం అని విడివిడిగా రాయి. ‘ఇతరములు’ అని రాస్తే మొదట కోసేది దాన్నే.

పేర్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఒకసారి ఒక కార్యాలయం నుంచి “లబ్ధిదారుల ఫోటోలు, ఫోను నంబర్లు జత చేయండి” అని మెమో వచ్చింది. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. మేము రెండు రిజిస్టర్లు పెట్టాం. పేర్లున్నది బీరువాలో, తాళం నా దగ్గర. నంబర్లు మాత్రమే ఉన్నది బల్ల మీద. ఒక ఆడిటరు, “పేర్లు లేకపోతే మనుషులున్నారని నాకెలా తెలుస్తుంది?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నంబర్ల రిజిస్టరు ఆయన చేతికిచ్చి, నచ్చిన ఇరవై నంబర్లు ఎంచుకోమన్నాను. తలుపు వేసి, అసలు రిజిస్టరులో ఆ ఇరవై పేర్లూ నా ఎదుట సరిచూసుకోమన్నాను. నకలు మాత్రం ఇవ్వలేదు. సరిచూశానని ఆయనే సంతకం పెట్టాడు. తర్వాత ఏ తనిఖీ వచ్చినా అదే పద్ధతి నడిచింది.

దాతల దగ్గరా ఇదే పేచీ వస్తుంది. పుట్టినరోజుకు భోజనం పెడతాం, పిల్లలతో ఒక ఫోటో దిగుతాం అంటారు. భోజనం తీసుకో, ఫోటో వద్దను. కొందరు అలిగి పోతారు. పోనీ.

మార్చి గురించి జాగ్రత్త. ఒక ఏడాది మార్చి 28న డబ్బు ఖాతాలో పడింది, 31 లోపు ఖర్చు చూపమని ఫోను. మూడు రోజుల్లో ఆరు నెలల బియ్యం తిన్నామని ఎలా చూపిస్తాం? “అందరూ బిల్లులు పెట్టేస్తారమ్మా” అని ఫోనులో ఆయన సలహా కూడా ఇచ్చాడు. మేము మిగులును మిగులుగానే యూసీలో చూపించి, తర్వాతి ఏడాదికి అనుమతించమని ఉత్తరం రాసి, రసీదు తీసుకున్నాం. అనుమతి వచ్చింది, ఆలస్యంగా. ఒక్క దొంగ బిల్లు పెట్టి ఉంటే, తర్వాత మా మీద కోపమొచ్చిన ఏ భర్తో, ఏ నాయకుడో దాన్ని పట్టుకుని తలుపు మూయించేవాడు. నీ పనికి శత్రువులు ఉంటారమ్మా. వాళ్లు నీ కౌన్సెలింగును తప్పుపట్టలేరు, నీ వోచర్లు వెతుకుతారు.

డబ్బు రాని నెలలకు ఏం చేయాలి? కనీసం ఆరు నెలల జీతాలూ బియ్యమూ నడిచేంత సొంత నిధి కూడబెట్టుకో. అది చేతికొచ్చేదాకా గ్రాంటు మీద ఆధారపడిన ఉద్యోగం ఒక్కటి కూడా పెంచకు. మాకు ఒక కిరాణా కొట్టాయన ఖాతా మీద ఏడు నెలలు సరుకులు ఇచ్చాడు, ఒక్కసారి కూడా మనిషిని పంపి అడిగించలేదు. అటువంటి కొట్టు ఊరికి ఒకటి ఉంటుంది, వెతుక్కో. విడత రాగానే మొదట ఆయనది తీర్చు.

ఇంకొక్కటి. బాధితులకు వచ్చే పరిహారం వేరు, నీ గ్రాంటు వేరు. నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించు. నేరం చేసినవాడు ఎవరో తెలియకపోయినా అడగవచ్చు, రెండు నెలల్లో విచారణ ముగించాలని అందులోనే ఉంది. 2018 నాటి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకంలో అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షల దాకా పరిహారం ఉంది. దళిత, గిరిజన బాధితులకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల కింద విడతలుగా వచ్చే సాయం వేరే ఉంది, అది జిల్లా యంత్రాంగం ఇవ్వాలి. ఈ డబ్బు ఆమె సొంత ఖాతాలోనే పడాలి. “మీ సంస్థ ఖాతాలో వేయించండి, తర్వాత ఇస్తాను” అని ఆమే అడిగినా ఒప్పుకోవద్దు. పరిహారం వచ్చిన సంతోషంలో చందా ఇవ్వబోతే కూడా తీసుకోవద్దు. మా కార్యవర్గంలో ఒకరు ఒకసారి తీసుకున్నారు, ఐదు వేలు. తిరిగి ఇప్పించాను, ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

బడ్జెట్ మళ్లీ రాసి పంపమని చెప్పను, తీసుకునే రా. వచ్చే వారం మంగళవారం తప్ప ఏ రోజైనా ఇంట్లోనే ఉంటాను, మంగళవారం కంటి ఆసుపత్రి. పెన్సిలుతో రాసుకురా. ఆ లెక్కలు రాసే మనిషి దొరికితే వెంటబెట్టుకుని రా, నేను మాట్లాడాల్సింది నీతో కన్నా ఆ మనిషితోనే ఎక్కువ.

ఆశీస్సులతో,
నీ పిన్ని