మీ అబ్బాయి చేతిలోని టెస్టర్ లాక్కోకండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఎంట్రన్స్‌లో ర్యాంకు అంతంతమాత్రం. ఒక ప్రైవేటు కాలేజీవారు యాజమాన్య కోటాలో కంప్యూటర్ సైన్స్ ఐఓటీ (పరికరాలను ఇంటర్నెట్‌తో కలిపి నడిపే విద్య) బ్రాంచి సీటు ఇస్తామంటున్నారు. రాబోయే రోజుల్లో ప్రతి ఇల్లూ స్మార్ట్ హోమే, ఉద్యోగాలకు కొదవ ఉండదంటున్నారు. వాడేమో కన్వీనర్ కోటాలో వచ్చే ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) చాలంటున్నాడు. ఎప్పుడు చూసినా ఇంట్లో స్విచ్‌బోర్డులు విప్పుతుంటాడు. రెండింటినీ పోల్చి చెప్పండి. స్మార్ట్ హోమ్ సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉన్నాయట, ఇప్పుడే చేర్పించమంటారా? ఎంత చదివించినా చివరికి ఎలక్ట్రీషియన్‌గా మిగిలిపోతాడేమోనని మా ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది.
– ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు పోలిక అడిగారు గానీ మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ఏటా సీట్ల కౌన్సెలింగ్ సమయంలో ఈ ఉత్తరం నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. బ్రాంచి పేరు మారుతుందే తప్ప, నలుగురిలో ఏమని చెప్పుకోవాలన్న బెంగ మారదు. అందుకే ముందు ఆ స్మార్ట్ హోమ్‌లో జరిగేదేమిటో చూద్దాం.

ఫోను మీద వేలు పెట్టగానే లైటు వెలగడం ప్రకటనల్లో కనిపించే భాగం. గోడ లోపల కథ వేరు. స్విచ్‌బోర్డు డబ్బాలో ఒక చిన్న సర్క్యూటు, దాని మీద వైఫై చిప్, ఒక రిలే ఉంటాయి. ఫోనులో ఇచ్చిన ఆదేశం చాలా సందర్భాల్లో కంపెనీ సర్వర్ దాకా వెళ్లి, ఇంట్లోని రౌటర్ గుండా వచ్చి ఆ రిలేను కదిలిస్తుంది. రిలే చేసేది ఇన్నాళ్లూ మన వేలు చేసిన పనే: ఫేజు తీగను కలపడం, విడదీయడం. దీనికి సెన్సర్లు తోడైతేనే అసలైన ఆటోమేషన్. ట్యాంకు నిండితే మోటారు ఆగాలి, సంపులో నీళ్లు లేకపోతే మోటారు అసలు తిరగకూడదు, రాత్రి పెద్దాయన మంచం దిగితే బాత్‌రూం దారిలో లైటు వెలగాలి. ఇలాంటి నియమాలు రాసి పెడతారు. జిగ్‌బీ, థ్రెడ్ వంటి వైర్‌లెస్ పద్ధతుల్లో పరికరాలు ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకుని ముందుకు పంపుతాయి. కరెంటు తక్కువ పడుతుంది కనుక చిన్న బ్యాటరీతో నడిచే సెన్సర్ కూడా చాలాకాలం పనిచేస్తుంది. వేర్వేరు కంపెనీల సరుకు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి 2022లో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది.

ఇక పని ఎక్కడ ఆగిపోతుందో చూడండి. పాత ఇళ్లలో స్విచ్‌లు మాత్రమే ఉన్న డబ్బాల్లో చాలాచోట్ల న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఉండదు. లోపలి సర్క్యూటు ఎప్పుడూ మేలుకునే ఉండాలి కాబట్టి దానికి న్యూట్రల్ కావాలి. న్యూట్రల్ లేకుండా నడిచే రకం పెడితే ఆ కాస్త కరెంటు బల్బు గుండా పోతుంది, అందువల్ల ఆపిన ఎల్‌ఈడీ కూడా ఒక్కోసారి మినుకుమినుకుమంటుంది. నీళ్ల మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ సంగతి తెలియక చిన్న రిలే పెడితే దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఫోనులో ఆగినట్టు చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అక్కడ కాంటాక్టర్, అంటే పెద్ద లోడును తట్టుకునే బలమైన రిలే, పెట్టాలి. ఇవేవీ కోడింగ్ తప్పులు కావు. మీ అబ్బాయి స్విచ్‌బోర్డు విప్పి చూస్తున్నది ఈ విద్యే.

ఇంటి యజమానికి లాభం ఏమిటంటారా? కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క యూనిట్ కాల్చడానికి 110 గంటలకు పైగా పడుతుంది. స్మార్ట్ స్విచ్ ఊరికే మేలుకుని ఉండటానికి ఒక్క వాటు లాగినా ఏడాదికి దాదాపు 9 యూనిట్లు! మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే పొదుపు మోటారున్న ఫ్యాను 30 వాట్లకు అటూఇటూ. అక్కడ ఆదా నిజమే గానీ అది మోటారు గొప్పతనం, ఫోను గొప్పతనం కాదు. ఏసీ, గీజరు వేళకు ఆగేలా చూసుకుంటే కొంత మిగులుతుంది. అసలు లాభం డబ్బులో కాదు, నిశ్చింతలో ఉంది. పిల్లలు డల్లాస్‌లో, తల్లిదండ్రులు విజయవాడలో ఉన్న ఇళ్లు మనకు ఎన్ని లేవు? తలుపు వేశారా, గ్యాస్ లీకవుతోందా, ఉదయం నుంచి ఇంట్లో ఎవరైనా కదిలారా అన్నది అక్కడివాళ్లకు తెలియడం చిన్న సంగతి కాదు. ఆ మాటకొస్తే స్మార్ట్ హోమ్ అనే పేరు మన చెవిన పడకముందే మన రైతులు సిమ్ కార్డు పెట్టిన స్టార్టర్ డబ్బాకు ఫోను చేసి బోరు మోటారు వేసుకున్నారు. అర్ధరాత్రి పాములున్న గట్ల మీద నడిచే బాధ తప్పింది. ఆ డబ్బాలను బాగుచేసేది త్రీఫేజు తెలిసినవాళ్లే.

ఇప్పుడు ఆ ఐఓటీ బ్రాంచి సంగతి. నాకు దాని మీద మొదటి నుంచీ అనుమానమే. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లు మామూలు కంప్యూటర్ సైన్స్ పాఠాలే. తర్వాత కొన్ని ప్రత్యేక సబ్జెక్టులు, ల్యాబ్‌లో కొన్ని కిట్లు. ఎలక్ట్రానిక్స్ లోతుగా చెప్పే అధ్యాపకులు ఆ విభాగంలో ఎందరున్నారో అడగండి, జవాబు తడబడుతుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ మామూలు సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని తీసుకునేవి, వాటికి ఈ పేరుతో పెద్ద నిమిత్తం లేదు. పరికరాలను తయారుచేసే ఉద్యోగాలు ఉన్నాయి గానీ తక్కువ, అవి ఈసీఈ, ఈఈఈ గట్టిగా చదివి సీ భాషలో చెయ్యి తిరిగినవాళ్లను వెతుకుతాయి. ఇళ్లలో బిగించే పని ఎక్కువగా చిన్న సంస్థలది. మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఇళ్ల నిర్మాణం మందగిస్తే ఆ పనీ మందగిస్తుంది.

ఇంకో భయం కూడా ఉంది. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ నడిపే డబ్బాను) 2016లో ఆపేశారు, ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మూగబోయాయి. కొన్నవాళ్ల ఇళ్లలో పరికరాలున్నాయి, వాటి తెలివి పోయింది. ఒక కంపెనీ యాప్ ఒక్కటే నేర్చుకున్న కుర్రవాడి పరిస్థితీ అంతే. తీగ, లోడు, ఎర్తింగ్ తెలిసినవాడికి ఆ ముప్పు లేదు.

పోలిక ఇంతకంటే అక్కర్లేదు. ఈఈఈ తీసుకోనివ్వండి. విద్యుత్ సంస్థల ఏఈ పోస్టులు, గేట్, సోలార్, విద్యుత్ వాహనాలు, అన్ని బ్రాంచీలకూ తలుపు తెరిచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఏదీ మూసుకుపోదు. ఇళ్ల మీద సోలార్ పలకలు పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలవడంతో ఇంటి కప్పుల మీదికి కూడా ఈ చదువు ఎక్కింది. ర్యాంకు తగ్గిందని వాడి బతుకు తగ్గిపోలేదు. తనకు ఏది ఇష్టమో పదిహేడేళ్లకే తెలిసిన పిల్లలు నా దగ్గరికి ఎక్కువమంది రారు.

ఒక మాట కటువుగా చెబుతాను. రాత్రి పదింటికి ఇంట్లో కరెంటు పోతే మీరు ఎవరికి ఫోను చేస్తారు? ఆ మనిషి కావాలి, ఆ పేరు మాత్రం మీ అబ్బాయికి వద్దు! వాడికి రోజూ వినిపిస్తున్నది ఇదే కదా. యాజమాన్య కోటా ఫీజుకు అప్పు చేస్తున్నారేమో మీరు రాయలేదు. చేస్తుంటే మాత్రం, అది చదువు కోసం కాదు, పెళ్లిళ్లలో బంధువులకు చెప్పే జవాబు కోసం.

వాడిని ఒంటరిగా 230 వోల్టుల జోలికి మాత్రం పోనివ్వకండి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి. సెలవుల్లో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వెంట నెల రోజులు పంపండి. కొన్ని వందల రూపాయలకు ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న సర్క్యూటు బోర్డు దొరుకుతుంది, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ట్యాంకు నీటిమట్టం చూపించమనండి.

సర్టిఫికెట్ కోర్సు ఇప్పుడే వద్దు. గోడల్లో ప్రత్యేకంగా తీగ వేసి పెద్ద భవనాల్లో వాడే కేఎన్ఎక్స్ అనే ఆటోమేషన్ పద్ధతి కోర్సుకు కొంత విలువ ఉంది, కొన్ని రోజుల్లో అయిపోతుంది కూడా. అయితే లోడు లెక్క రానివాడు అందులో కూర్చుంటే డబ్బు దండగ. మూడో ఏడాది దాటాక చూద్దాం. ఉద్యోగంలో చేరాక కంపెనీయే కట్టి పంపితే మరీ మంచిది.