ఫిల్మా, స్లైడా?

ప్రశ్న: మాది అనంతపురం. కర్నూలులో హౌస్ సర్జన్‌గా ఉన్నాను. రొమ్ములో గడ్డతో వచ్చిన ఒకావిడకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) చూసి క్యాన్సర్ కావచ్చన్నారు. బయాప్సీలో అది ప్రమాదం లేని గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అని తేలింది. అప్పటి నుంచి పాథాలజీ మీదే మనసు పోతోంది. నాన్నగారు మాత్రం రేడియాలజీయే తీసుకోమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందే చెబుతున్నానమ్మా, నేను చాలా ఏళ్లు పాథాలజిస్టుగా స్లైడ్లతో గడిపినవాణ్ణి. పక్షపాతం ఉంటుంది. అయినా మీ ఉత్తరంలో రేడియాలజిస్టు ఓడిపోయినట్టు, పాథాలజిస్టు గెలిచినట్టు వినిపిస్తోంది. అది మాత్రం ఒప్పుకోను.

గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ నరాలను చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుడుతుంది. చేతికి గట్టిగా తగులుతుంది. మామోగ్రామ్ ఫిల్ములో చాలాసార్లు అంచులు ముళ్లలా పొడుచుకొని ఉంటాయి. ఎంత అనుభవజ్ఞుడైనా దాన్ని చూసి క్యాన్సర్‌ను అనుమానించాల్సిందే. మామోగ్రామ్ రిపోర్టులో అనుమానం స్థాయిని చెప్పే బైరాడ్స్ అంకె 4 అని రాస్తే ‘ఇది క్యాన్సరే’ అని కాదు, ‘సూది వేసి చూడండి’ అని అర్థం. ఆ మాట రాసినందుకే కదా ముక్క మీ పాథాలజీ విభాగానికి వచ్చింది! అక్కడ గులాబీరంగు రేణువులు నిండిన పెద్ద కణాలు కనబడతాయి. ష్వాన్ కణాలను గుర్తించే ఎస్-100 స్టెయిన్ (రంగు పరీక్ష) పట్టుకుంటే సందేహం దాదాపు తీరిపోతుంది.

ఇప్పుడు తిరగేసి చూడండి. హామార్టోమా అని ఇంకో గడ్డ ఉంది. కొవ్వు, గ్రంథులు, నారకణజాలం కలగలిసి, చుట్టూ పలచని పొరతో ఉంటుంది. మామోగ్రామ్‌లో రొమ్ము లోపల మరో చిన్న రొమ్ము ఉన్నట్టు కనిపిస్తుంది. రేడియాలజిస్టు చూడగానే పేరు చెప్పేస్తాడు. అదే సూదిముక్కగా నా బల్ల మీదకు వస్తే? పాల నాళాలు, లోబ్యూల్స్ (పాలగ్రంథుల గుత్తులు), కొవ్వు, అన్నీ మామూలుగానే ఉంటాయి. ముక్కతో పాటు వచ్చే రిక్విజిషన్ ఫారంలో ‘రొమ్ములో గడ్డ’ అని మాత్రమే రాసి ఉంటే, ‘సాధారణ రొమ్ము కణజాలం’ అని రాసి పంపుతాను. సూది గురి తప్పిందేమోనని సర్జన్ మళ్లీ పొడుస్తాడు. ఫారంలో మామోగ్రామ్ గురించి ఒక్క వాక్యం ఉంటే ఆవిడకు ఆ రెండో పోటు తప్పేది. (ఆ ఫారం నింపేది సాధారణంగా మీ హౌస్ సర్జన్లే. కోప్పడటం లేదు, గుర్తుచేస్తున్నాను.)

స్లైడు కూడా మోసం చేస్తుంది. పాష్ అనే ప్రమాదం లేని మార్పులో రక్తనాళాల్లాంటి సన్నని చీలికలు కనబడి యాంజియోసార్కోమాను (రక్తనాళాల క్యాన్సర్‌ను) తలపిస్తాయి. నిజానికి అవి నాళాలు కావు. చీలికల అంచున ఉన్న కణాలు సీడీ34 అనే స్టెయిన్‌కు రంగు పట్టుకుంటాయి గాని, రక్తనాళాల కణాలను గుర్తించే సీడీ31కు పట్టుకోవు. అంటే ఫిల్ము, స్లైడు ఒకే మాట చెబుతున్నాయా లేదా అని చూసుకోవడమే అసలు పని. ఆ పనికి ఏ కుర్చీలో కూర్చున్నా మీరు కావాలి.

ఇక నాన్నగారి మాట. రెండూ మూడేళ్ల ఎండీలే. నీట్ పీజీలో రేడియాలజీ సీట్లు పై ర్యాంకుల్లోనే అయిపోతాయి, పాథాలజీ ఇంకా కిందికి దొరుకుతుంది. కాబట్టి ర్యాంకు రాకముందే ఇంట్లో ఈ గొడవ అనవసరం. సంపాదనలో రేడియాలజీ ముందున్న మాట నిజమే. కానీ సొంత స్కానింగ్ సెంటర్‌కు యంత్రాల ఖర్చుంది, పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద రిజిస్ట్రేషన్, గర్భిణుల ప్రతి స్కాన్‌కూ రికార్డులు, తనిఖీలు ఉన్నాయి. అది ఆయనకు చెప్పండి. పాథాలజీ తరువాత ఆంకోపాథాలజీలో (క్యాన్సర్ పాథాలజీలో) డీఎం అనే పైచదువు చేయవచ్చని కూడా చెప్పండి. కర్నూలులోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

మీ మనసు తేల్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. వీలైనన్ని రోజులు రెండు విభాగాల్లోనూ కూర్చోండి. పాథాలజీలో మైక్రోస్కోప్ దగ్గరికి పోకండి, గ్రాసింగ్ బల్ల దగ్గర నిలబడండి. ఫార్మలిన్ వాసనకు కళ్లు మండుతుండగా ముక్కలు కోసి, కొలిచి, రంగు, అంచులు రాసుకునే పని అది. ఆ పని నచ్చకుండా స్లైడు మాత్రమే నచ్చితే మూడేళ్లూ భారమే. రేడియాలజీలో అల్ట్రాసౌండ్ గదికి వెళ్లండి. రోగుల ముఖం చూడని కోర్సు అంటారు గాని, జెల్ రాసి ప్రోబ్ పట్టుకున్న డాక్టర్‌ను ‘క్యాన్సరేనా?’ అని వాళ్లు నేరుగా అడిగేది అక్కడే.

ఈలోగా ఆవిడ ఫిల్ము, స్లైడు రెండూ అడిగి పక్కపక్కన పెట్టుకొని చూడండి. ఆ రోజు ఫారంలో ఏం రాశారో కూడా తీసి చూడండి.