అల్లుడూ, ఆ 30 గంటలు ఆఖరి నెలకి పెట్టుకోకు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, వాడి డాక్టర్ రిజిస్ట్రేషన్ ఏదో రెన్యువల్ చెయ్యాలంట అన్నయ్యా, సీఎంఈలంటాడు క్రెడిట్లంటాడు, ఒక్కటీ అటెండ్ అవలేదంట, నువ్వైనా చెప్పు అని. నీకు ఫోన్ చేస్తే ఓపీలో ఉన్నాను మావయ్యా అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. టైపింగ్ తప్పులుంటే సర్దుకో, ఈ ఫోన్ కీబోర్డు నా వేళ్ళకి చాలదు.

ముందు లెక్క. మన ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ 5 ఏళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలి, దానికి ఆ 5 ఏళ్ళలో 30 క్రెడిట్ అవర్స్ చూపించాలి, అంటే సీఎంఈల్లో, డాక్టరయ్యాక కూడా చదువు వదలకుండా ఉండటానికి పెట్టే క్లాసుల్లో కూర్చున్నందుకు లెక్కలోకొచ్చే గంటలు. ఇది నిన్నగాక మొన్న పుట్టిన రూలు కాదురా, 2002 నాటి ఎథిక్స్ రెగ్యులేషన్స్ లోనే, అదే డాక్టర్లు ఎలా నడుచుకోవాలో చెప్పే రూల్స్ లోనే, 5 ఏళ్ళకి కనీసం 30 గంటలు సీఎంఈ చెయ్యాలని రాసుంది, మనమే పట్టించుకోలేదు. మొన్న మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో రూల్స్ ఆపేశారు, ఇంక సీఎంఈ అక్కర్లేదు అని పెట్టాడని నాకు ఫార్వర్డ్ చేశావు కదా. ఆగినవి 2023 ఆగస్టు 2న ఎన్‌ఎంసీ, అంటే నేషనల్ మెడికల్ కమిషన్, ఇచ్చిన కొత్త రెగ్యులేషన్స్, అదే నెల 23న అబయన్స్ లో పెట్టారు, అంటే అమలు ఆపి పక్కన పెట్టారు, వాటి బదులు పాత 2002వే నడుస్తున్నాయి. పాతవాటిలోనూ 30 గంటలే, కొత్తవాటిలోనూ 5 ఏళ్ళకి 30 క్రెడిట్లే. ఏ దారిన వెళ్ళినా అదే టోల్ గేటు. నీది 2022 రిజిస్ట్రేషన్ అంది మీ అమ్మ, అంటే 2027 నీ గడువు, ఎంత టైముందో నువ్వే చూసుకో.

30 ని 5 తో భాగిస్తే ఏడాదికి 6. దీనికే ఏడుస్తున్నాం మనం.

నా సంగతి చెప్తాను, నవ్వకు. ఒక రెన్యువల్ అప్పుడు నేను ఆఖరి 4 నెలల దాకా ఏటీ చెయ్యలేదు. పలాసలో ప్రాక్టీసు, పొద్దున్న 9కి కూర్చుంటే రాత్రి 10, సీఎంఈలేటి మనకి, ఉన్న పేషెంట్లని చూసుకుంటే అదే పదివేలు అనుకునేవాడిని. తీరా బీరువా తీసి చూస్తే 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫానుకి క్లినిక్ లోకి నీళ్ళొచ్చినప్పుడు తడిసిపోయిన ఫైలు, అందులో సర్టిఫికెట్లు అట్టలు అట్టలుగా అతుక్కుపోయి ఉన్నాయి (కొబ్బరి చెట్లు, జీడితోటలు పోయినవాళ్ళ ముందు నా కాగితాల గోల ఎవడికి చెప్పుకుంటాను). మిగిలినవాటిలో రెండు ఒక మందుల కంపెనీ వాళ్ళు హోటల్లో భోజనం పెట్టి చేతిలో పెట్టిన బంగారు రంగు బోర్డరు సర్టిఫికెట్లు, చూడ్డానికి శుభలేఖల్లా ఉన్నాయి, కానీ వాటి మీద కౌన్సిల్ గుర్తింపూ లేదు, ఎన్ని క్రెడిట్లో కూడా లేదు. అవి లెక్కలోకి రాలేదు. ఇంకొకదాని మీద నా పేరు ఒకలా, రిజిస్ట్రేషన్ లో ఒకలా. దాంతో 3 నెలల్లో ఎక్కడ సీఎంఈ ఉందంటే అక్కడికి, ఆదివారం ఆదివారం రైలెక్కి తిరిగాను, ఒకచోట నాకు సంబంధమే లేని మోకాలి చిప్ప ఆపరేషన్ గురించి రోజంతా కూర్చుని విన్నాను, మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంది.

అందుకని చెప్తున్నాను. రిజిస్టర్ చేసుకునే ముందే అడుగు, దీనికి మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ అవర్స్ ఇచ్చిందా, ఎన్ని ఇచ్చింది అని. మొహమాటపడకు. పొద్దున్న వెళ్ళి సంతకం పెట్టేసి టీ తాగి బీచ్ కి వెళ్ళిపోయే బ్యాచ్ ఒకటి ఉంటాది, వాళ్ళతో తిరక్కు, కౌన్సిల్ తరఫున అబ్జర్వర్ వస్తారు, సాయంత్రం దాకా కూర్చో. సర్టిఫికెట్ చేతికిచ్చిన వెంటనే అక్కడే నిలబడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తారీఖు, క్రెడిట్లు చూసుకో. మన పేర్లతో వచ్చే చిక్కు నీకు తెలిసిందే కదా, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం, మధ్యలో తాతగారి పేరు, ఆధార్ లో ఇంకో స్పెల్లింగు. 2024 ఆగస్టులో నేషనల్ మెడికల్ రిజిస్టర్ పోర్టల్ మొదలెట్టారు, అది ఆధార్ తోనే ముడిపడింది, కాబట్టి ముందు ఆధార్, ఎంబీబీఎస్ డిగ్రీ, రిజిస్ట్రేషన్ మూడింట్లో పేరు ఒకటేనా కాదా చూడు. కాకపోతే ఇప్పుడే మార్పించుకో, రెన్యువల్ వారంలో కాదు. సర్టిఫికెట్ ఇంటికొచ్చిన రోజే ఫోటో తీసి నీ మెయిల్ కి నువ్వే పంపుకో. బీరువాని నమ్మకు, నా బీరువా కథ విన్నావుగా.

ఇంకొకటి, మందుల కంపెనీ రెప్ వచ్చి సార్ వైజాగ్ లో కాన్ఫరెన్స్, ట్రైన్ టికెట్, హోటల్ మేం చూసుకుంటాం అంటే వద్దను. 2009 డిసెంబర్లో ఆ ఎథిక్స్ రెగ్యులేషన్స్ కే సవరణ చేసి డాక్టర్లు కంపెనీల దగ్గర గిఫ్టులు, ప్రయాణం టికెట్లు, హోటల్ ఖర్చులు తీసుకోకూడదని పెట్టారు, సీఎంఈ పేరుతో ఐనా సరే. సోంపేట నుంచి వైజాగ్ కి స్లీపర్ టికెట్ ఎంతరా, నీ జీతంలో నువ్వు కొనుక్కో.

డబ్బులిస్తే కూర్చోకుండానే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ళు కూడా తగులుతారు. దాని గురించి నీకు నేను చెప్పక్కర్లేదు, మీ తాత నిన్నెలా పెంచాడో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు మాట. క్రెడిట్లు ఎలాగూ కావాలి కదా, ఐతే నీ ఓపీలో ఎవరొస్తున్నారో చూసి దానికి తగ్గ సీఎంఈ ఎంచుకో. నువ్వున్నది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో పీహెచ్‌సీ. నీ దగ్గరికొచ్చేది కిడ్నీ, పాముకాటు, జ్వరం. నేను మోకాలి చిప్ప క్లాసులో కునుకు తీసిన ఆ 3 నెలల్లోనే ఒక ఆదివారం కిడ్నీ మీద జరిగిన సీఎంఈలో కూర్చున్నాను, అది మాత్రం నాకు చెంపదెబ్బలా తగిలింది. అప్పటిదాకా కిడ్నీ రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.4 అని రిపోర్టొస్తే ఆ, కొంచెమే పెరిగింది, నీళ్ళు తాగమ్మా అని పంపేసేవాడిని. ఆ లెక్చరిచ్చినాయన బోర్డు మీద 60 ఏళ్ళ ఆడమనిషి, క్రియాటినిన్ 1.4 అని రాసి, ఈజీఎఫ్‌ఆర్ కట్టండి అన్నాడు, అదే కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె. ఇప్పుడు వాడుతున్న 2021 ఫార్ములాతో ఐతే సుమారు 43 వస్తాది. అంటే కిడ్నీ సగానికి పైగా పోయినట్టే, స్టేజ్ 3బీ. మన జీడితోటల్లో రోజంతా వంగి పనిచేసి నడుంనొప్పి అని వస్తే ఇదే మనిషికి నేను కిడ్నీని ఇంకా దెబ్బతీసే డైక్లోఫెనాక్ నొప్పి సూది పొడిచి పంపుతున్నాను! ఆ సాయంత్రం రైల్లో కూర్చుని ఎంతమందికి పొడిచానో లెక్కేసుకుంటే పలాస దాకా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నుంచి 40 దాటిన ఎవరికైనా క్రియాటినిన్ రిపోర్ట్ పక్కన ఈజీఎఫ్‌ఆర్ పెన్నుతో నేనే రాస్తాను, నొప్పి మాత్రలు ఇచ్చేముందు అది చూస్తాను. నువ్వు కూడా అలగే చెయ్, ఫోన్లో ఫ్రీ క్యాలిక్యులేటర్లున్నాయి.

పాముకాటుదీ అంతే. మా రోజుల్లో కాలికి తాడు బిగించి తెచ్చేవారు, మేమూ మంచి పని చేశారు అనేవాళ్ళం, అది తప్పని తర్వాత తెలిసింది. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే టెస్టు ఉంది చూడు, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 ఎంఎల్ రక్తం వేసి కదపకుండా వదిలేసేది, అది ప్లాస్టిక్ ట్యూబులో చేసినా, సబ్బు నీళ్ళతో కడిగిన ట్యూబులో చేసినా తప్పు రిజల్టొస్తాది. ఇది పుస్తకంలో ఉంటాది, కానీ మా ల్యాబ్ కుర్రాడు ట్యూబులు సర్ఫ్ నీళ్ళలో కడుగుతున్నాడని నేను వర్క్‌షాపుకి వెళ్ళొచ్చాకే వెళ్ళి చూశాను. కట్లపాము సంగతి కూడా గుర్తుపెట్టుకో, నేల మీద పడుకున్నవాడికి రాత్రి కరిస్తే గాటు కనబడదు, పొద్దున్నే కడుపునొప్పి అని వస్తాడు, నువ్వు గ్యాస్ అనుకుని ప్యాంటాప్రజోల్ ఇచ్చి పంపకు, ముందు కనురెప్పలు వాలిపోతున్నాయేమో చూడు.

పీహెచ్‌సీలో ఒక్కడివే డాక్టరువి, సెలవు దొరకదు, నిజమే. అందుకే ఆదివారాలవి చూసుకో, పక్క పీహెచ్‌సీ అతనితో మాట్లాడి ఈసారి నువ్వు వెళ్ళు, వచ్చేసారి నేను వెళ్తాను అని వంతులేసుకోండి. మన డాక్టర్ల సంఘం ఐఎంఏ బ్రాంచీలూ, మెడికల్ కాలేజీలూ సీఎంఈలు పెడుతూనే ఉంటాయి, ప్రతిదానికీ వైజాగ్ పరిగెత్తక్కర్లేదు, శ్రీకాకుళం, విజయనగరం చాలు.

ప్రిస్క్రిప్షన్ల మీద, నువ్విచ్చే సర్టిఫికెట్ల మీద రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా స్టాంపు చేయించుకో, అది కూడా ఆ 2002 రూల్స్ లోనిదే. ఇప్పుడు నీ స్టాంపు మీద పేరొక్కటే ఉంది, మీ అమ్మకి రాసిచ్చిన చీటీలో చూశాను.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే ఉన్న సర్టిఫికెట్లు, ఆధార్, డిగ్రీ అన్నీ పట్టుకుని మా ఇంటికి రా, కూర్చుని చూద్దాం. మీ అత్త దిబ్బరొట్టె వేస్తానంది. వచ్చేటప్పుడు పలాసలో దిగి కిలో జీడిపప్పు తీసుకురా, గుండ్లు కాదు, బద్ద చాలు.

మీ మావయ్య