మీ విజార్డ్ చనిపోలేదు

ఈసారి ఉత్తరాలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) మీదే వచ్చాయి, మిగతా ఆటల సంగతి వచ్చే నెల చూద్దాం. జవాబులు ఐదో ఎడిషన్ 2014 రూల్స్ ప్రకారం ఇస్తున్నాను. 2024లో వచ్చిన సవరణ పుస్తకంలో పెద్ద తేడా ఉన్నచోట చెప్తాను.

ప్రశ్న: హాస్టల్లో ఐదుగురం మొదలుపెట్టాం, ఒకడు డీఎం (కథ నడిపేవాడు). మిగతావాళ్లు ఫైటర్ (కొట్టేవాడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (దేవుడి శక్తితో గాయాలు మాన్పేవాడు) తీసేసుకుంటే నాకు విజార్డ్ (మంత్రగాడు) మిగిలింది. మొదటి గదిలోనే నా రెండు మంత్రాలూ అయిపోయాయి, తర్వాత రెండు గంటలు కూర్చుని వీళ్లు కొట్టుకోవడం చూశాను. రెండో గదిలో నాకు మూడు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఉండగా గోబ్లిన్ (చిన్న రాక్షసజాతి) ఆరు కొట్టింది, చచ్చిపోయావన్నారు. ఫైటర్‌కి మారిపోనా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మారే సంగతి తర్వాత, ముందు ఈ పేజీ తీసుకెళ్లి మీ డీఎంకి చూపించండి, మీ విజార్డ్ చనిపోలేదు. సున్నాకి వస్తే స్పృహ తప్పి పడిపోతారు, అంతే. అక్కడికక్కడే ప్రాణం పోవాలంటే సున్నాకి దించాక ఇంకా మిగిలిన దెబ్బ మీ పూర్తి హిట్ పాయింట్లంత ఉండాలి. మీకున్నవి మూడు, తగిలింది ఆరు, కాబట్టి పైన మిగిలింది మూడే, మొదటి లెవెల్ విజార్డ్‌కి మామూలుగా ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. పడిపోయాక మీ వంతు వచ్చినప్పుడల్లా ఏమీ కలపకుండా డీ20 (ఇరవై ముఖాల పాచిక) వెయ్యాలి. పదీ ఆపైన పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి, మూడు గెలుపులు ముందొస్తే నిలదొక్కుకున్నట్టు, మూడు ఓటములు ముందొస్తేనే చావు. 1 పడితే రెండు ఓటముల కింద లెక్క, 20 పడితే ఒక హిట్ పాయింటుతో లేచి కూర్చుంటారు. ఇంతకీ మీ క్లెరిక్ ఏం చేస్తున్నాడు? హీలింగ్ వర్డ్ అని అరవై అడుగుల దూరం నుంచి వేసే మంత్రం ఉంది, అదీ బోనస్ యాక్షన్‌లోనే (అదే వంతులో అసలు పనికి తోడు చేసే చిన్న పని) అయిపోతుంది, అది రాసుకోని క్లెరిక్‌ని జట్టులో పెట్టుకుని ఏం లాభం.

ఇక ఖాళీగా కూర్చోవడం. అయిపోయింది మీ స్పెల్ స్లాట్లు (పెద్ద మంత్రాలకి రోజువారీ కోటా), మంత్రాలన్నీ కాదు. మొదటి లెవెల్లో మూడు కాంట్రిప్‌లు (చిన్న మంత్రాలు) వస్తాయి, వాటికి స్లాట్ అక్కర్లేదు, రోజంతా వేసుకోవచ్చు. ఫైర్ బోల్ట్ 120 అడుగుల నుంచి 1డీ10 (పది ముఖాల పాచిక ఒకటి వేస్తే ఎంత పడితే అంత) కాలుస్తుంది, మీ ఫైటర్ ఒంటిచేత్తో తిప్పే లాంగ్‌స్వోర్డ్ 1డీ8కి బలం కలుపుకుంటుంది, చూశారా, మరీ కొండంత తేడా ఏం లేదు. గంటసేపు విశ్రాంతి తీసుకుంటే ఆర్కేన్ రికవరీతో రోజుకోసారి ఒక స్లాట్ వెనక్కి వస్తుంది, కొత్తవాళ్లలో చాలామంది ఈ లైను చదవరు. ఉన్న స్లాట్లని ఒక్కో గోబ్లిన్ మీద ఒక్కోటి తగలెయ్యకండి. స్లీప్ అనే నిద్ర మంత్రానికి 5డీ8 వెయ్యాలి, సగటున 22 వస్తుంది, గోబ్లిన్‌కి ఏడు హిట్ పాయింట్లు కాబట్టి ఒక్క మంత్రంతో ముగ్గురు గురక పెడతారు (2024 పుస్తకంలో ఈ మంత్రం మారిపోయింది, అక్కడ ఈ లెక్క పనిచేయదు). రెండో స్లాట్ పొద్దున్నే మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రానికి పెట్టేయండి, ఎనిమిది గంటలుంటుంది. మీ డెక్స్‌టెరిటీ (చురుకు) బోనస్ +2 అనుకుంటే ఆర్మర్ క్లాస్ (మిమ్మల్ని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) 12 నుంచి 15కి పోతుంది, అంటే గోబ్లిన్‌కి మిమ్మల్ని కొట్టడానికి పాచిక మీద 8 చాలేది కాస్తా 11 కావాలి.

విజార్డ్ అంటే హోంవర్క్ ఉన్న పాత్ర. ఆట లేని రోజు కూడా మంత్రాల పేజీలు తిరగేయడం మీకు సరదాగా ఉంటే వదలకండి, లేకపోతే సిగ్గుపడకుండా ఫైటర్‌కి మారిపోండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాడు. సెలవుల్లో ఫ్రెండ్స్‌ని పిలిచి గంటలు గంటలు పాచికలు వేస్తున్నారు. పాచికలంటే నాకు ధర్మరాజే గుర్తొస్తాడు, ఇందులో డబ్బులు పెడతారా? పైగా "అమ్మా, ఒకళ్లు తగ్గారు, నువ్వు రా" అంటున్నాడు. నాకు ఒక్క రూలూ రాదు.
- గృహిణి, హనుమకొండ

జవాబు: డబ్బుల్లేవు, పందెం లేదు, అసలు ఒకరు గెలిచి ఒకరు ఓడే ఆటే కాదు. అందరూ కలిసి ఒక కథ ఆడతారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. అంతకుముందు బల్ల మీద బొమ్మల సైన్యాలతో యుద్ధాలు ఆడేవారు, వీళ్లు సైన్యాన్ని తీసేసి ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషిని ఇచ్చారు. 1980ల్లో అక్కడి అమ్మానాన్నలూ మీకంటే ఎక్కువే భయపడ్డారు, పిల్లలు దయ్యాల పూజలు చేస్తున్నారని పెద్ద గొడవే అయింది.

రూలు ఒక్కటి వస్తే చాలు. డీఎం ఎదురుగా ఏముందో చెప్తాడు, మీరేం చేస్తారో మీరు చెప్తారు, అది అవుతుందో లేదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. తాళం తీయాలి, కష్టం 15 అన్నాడనుకోండి. మీ డెక్స్‌టెరిటీ 16 అయితే +3 వస్తుంది, తాళాలు తీసే పని నేర్చిన పాత్రయితే మొదట్లో ఇంకో +2, కాబట్టి పాచిక మీద 10 పడితే తాళం వచ్చేస్తుంది. కత్తి దెబ్బకీ ఇదే పద్ధతి, కష్టం బదులు అవతలివాడి ఆర్మర్ క్లాస్ చూస్తారు. బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ, ఇలా మనిషిని ఆరు అంకెల్లో పెట్టారు. 10 అంటే మామూలు మనిషి, ఆపైన ప్రతి రెండుకీ ఒక +1.

మొదట్లో మూడే రకాల పాత్రలుండేవి, కొట్టేవాడు, మంత్రగాడు, క్లెరిక్. దొంగ 1975లో వచ్చాడు. ఇప్పుడు ప్రధాన పుస్తకంలో పన్నెండున్నాయి. అమ్మకి సులువుగా ఉంటుందని మీవాడు ఫైటర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) చేతిలో పెడతాడు చూడండి, తీసుకోకండి. ముందు నిలబడి దెబ్బలు కాయడం మీకు సరదానా, మాటలతో పని జరిపించడం సరదానా, ఎవరికీ తెలియకుండా ఆరా తీయడం సరదానా అని చూసుకోండి. అబ్బాయి ఏ పుస్తకంలో ఏం దాచాడో అడక్కుండానే కనిపెట్టేసే అలవాటుంటే మీరు పుట్టు రోగ్. మంత్రాల బాధ లేదు, మీవాళ్లలో ఒకరు శత్రువుని ఎదురుగా పట్టుకుని ఉండగా పక్కనుంచి పొడిస్తే అదనంగా 1డీ6 కూడా వస్తుంది.

ప్రశ్న: విజార్డ్, సోర్సరర్, వార్లాక్, ముగ్గురూ వేసేది మంత్రాలే కదా, మూడు పేర్లెందుకు?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: ఆ శక్తి ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే తేడా, అదేమో మన కథలు విన్నవాళ్లకి చిటికెలో అర్థమైపోతుంది. కర్ణుడికి కవచం పుట్టుకతో వచ్చింది, సోర్సరర్‌కి మాయ అలా ఒంట్లోనే ఉంటుంది. గురుకులంలో ఏళ్లకేళ్లు వల్లె వేసి నేర్చుకున్నవాడు విజార్డ్. ఇక చందమామ కథల్లో గుహలో కూర్చుని శక్తికి బలులిస్తానని మొక్కి వరాలు తెచ్చుకునే మాంత్రికుడున్నాడే, వాణ్ని అందరూ విజార్డ్ అనుకుంటారు, నన్నడిగితే వాడు పక్కా వార్లాక్. తనకంటే పెద్ద శక్తితో ఒప్పందం, దాని బాకీ ఎప్పుడో ఒకప్పుడు తీర్చాలి. మంచి డీఎం ఆ బాకీని కథలోకి లాక్కొస్తాడు, వార్లాక్ తీసుకునేదే దానికోసం.

రూల్స్‌లోనూ ఇదే కనిపిస్తుంది. విజార్డ్ తెలివి మీద నడుస్తాడు, మిగతా ఇద్దరూ ఆకర్షణ మీద. ఐదో లెవెల్లో విజార్డ్‌కి తొమ్మిది స్లాట్లుంటే వార్లాక్‌కి రెండే, కానీ ఆ రెండూ మూడో స్థాయివి, గంట విశ్రాంతితో మళ్లీ నిండిపోతాయి. మీ గుంపు ప్రతి గొడవ తర్వాతా కాసేపు ఆగే రకమైతే వార్లాక్ పండగ చేసుకుంటాడు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆగకుండా పరిగెత్తే రకమైతే విసుగొస్తుంది. సోర్సరర్‌కి తెలిసిన మంత్రాలు తక్కువ, అయితే వాటిని సాగదీసి, రెండుగా చీల్చి, నోరు మెదపకుండా వేసే ఒడుపు వాడిది.

ప్రశ్న: నేను డీఎంని. మా బార్డ్ (పాటలతో మాయ చేసే పాత్ర) రాజుగారి దగ్గరికెళ్లి "రాజ్యం నాకిచ్చెయ్" అన్నాడు, పాచిక మీద 20 పడింది. ఇప్పుడు రాజ్యం ఇవ్వాల్సిందేనని టేబుల్ అంతా గోల.
- డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఇవ్వక్కర్లేదు. 20 పడితే తప్పక అయిపోవడమన్నది పుస్తకంలో దాడికీ, పైన చెప్పినట్టు పడిపోయాక వేసే పాచికకీ మాత్రమే ఉంది, దాడిలో అయితే దెబ్బ తగిలి డ్యామేజ్ పాచికలు రెట్టింపవుతాయి. మాటలకీ తాళాలకీ 20 అంటే ఇరవయ్యే. అయినా అసలు తప్పు మీది, కుదరదని తెలిసిన పనికి పాచిక ఎందుకు వెయ్యనిచ్చారు? పాచిక చేతిలోకొచ్చిందంటే ఆశ పుట్టినట్టే. ఇప్పటికి రాజుగారు పడీపడీ నవ్వి, వీడి ధైర్యం నచ్చి తల తియ్యకుండా వదిలేశాడని చెప్పండి, ఆ 20కి అంత విలువ చాలు.

ప్రశ్న: మా రోగ్ మా జేబులే కొడుతున్నాడు. అడిగితే "నేను కేయాటిక్ న్యూట్రల్ (కట్టుబాట్లు పట్టని స్వభావం), నా క్యారెక్టర్ అంతే" అంటాడు.
- జేబు ఖాళీ అయిన పాలడిన్, విజయవాడ

జవాబు: ఆ క్యారెక్టర్‌ని రాసుకున్నది ఎవరట? షీటు మీద తొమ్మిది అలైన్‌మెంట్లలో (పాత్ర స్వభావాల్లో) ఏది రాసినా అది సాకు కాదు, ఐదో ఎడిషన్లో దాని మీద నడిచే రూల్స్ కూడా చాలా తక్కువ. దొంగతనం చెయ్యమనండి, ఊళ్లో బోలెడుమంది వడ్డీ వ్యాపారులుంటారు. ఈ గొడవ మాత్రం ఆటలో కత్తి దూసి తేల్చుకోకండి, పాచికలు పక్కన పెట్టి టీ తాగుతూ మనిషితో మాట్లాడండి.

ప్రశ్న: పాచికలు ఎన్ని కొనాలి? మా ఊళ్లో దొరకట్లేదు.
- కొత్త ఆటగాడు, నంద్యాల

జవాబు: సెట్టులో ఏడుంటాయి, 4, 6, 8, 12, 20 ముఖాలవి ఒక్కోటి, 10 ముఖాలవి రెండు. దొరకకపోతే ఆగక్కర్లేదు. 1979 ప్రాంతంలో పాచికలకి కరువొచ్చినప్పుడు ఆట అమ్మే కంపెనీయే పెట్టెలో అంకెల చీటీలు పెట్టి అమ్మింది. మీరూ 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోండి, ఆరు ముఖాలది లూడో పెట్టెలో ఎలాగూ ఉంటుంది. తీసిన చీటీ మాత్రం ప్రతిసారీ మళ్లీ గ్లాసులో వేసి కలపండి, లేకపోతే చివర్లో 20 ఎవరికొస్తుందో అందరికీ తెలిసిపోతుంది.