ఇంగ్లీషు అల్లుడి వంశవృక్షం 1837 దగ్గర ఆగిపోయింది, ఇంకా వెనక్కి వెళ్ళేదెలా?

మీ అల్లుడిగారి పూర్వీకుడు మామూలు వ్యవసాయ కూలీ అనీ, 1837కి ముందు ఏమీ దొరకడం లేదనీ రాశారు. మా ఆయన వాళ్ళదీ ఇదే కథండీ. సఫోక్ అనే కౌంటీలో (మన జిల్లాలాంటిది) కూలీలు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలైందే 1837 జూలై 1న. అంతకుముందువి కావాలంటే చర్చి రిజిస్టర్లే గతి. అవి 1538లో మొదలయ్యాయి కానీ అన్ని ఊళ్ళలోనూ అంత పాతవి మిగల్లేదు.

ముందు 1851 జనాభా లెక్కలు చూడండి. 1841 వాటిలో పెద్దవాళ్ళ వయసును ఐదుల్లోకి తగ్గించి రాశారు, 38 ఏళ్ళవాడు 35 అయిపోతాడు. పుట్టిన ఊరూ ఉండదు. 1851లో రెండూ ఉంటాయి.

నేను బోల్తా పడింది మాత్రం ఆ 1851తోనే. మా ఆయన తాతకి ముత్తాత వయసు అందులో 38. చెప్పిన ఊరి రిజిస్టర్లో అదే పేరుతో 1811లో ఒక బాప్తిస్మం కనబడింది. రెండు మూడేళ్ళ తేడా మామూలే కదా అనుకుని, ఆ తల్లిదండ్రుల్ని పట్టుకుని ఇంకో రెండు తరాలు పైకెక్కేశాను. చార్టు గీసి అత్తగారికి కూడా చూపించాను. నెల తర్వాత ఖననాల పేజీలు తిరగేస్తుంటే ఆ పిల్లవాడే ఎదురయ్యాడు: 1813, వయసు 2. ఆ ఏడాది నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి వయసు తెలిసింది. అంతకుముందు చాలాచోట్ల పేరొక్కటే రాసేవారు.

1861 లెక్కల్లో ఆ ముత్తాత పుట్టిన ఊరు వేరేది చెప్పాడు, మూడు మైళ్ళ దూరం. అక్కడ 1814లో దొరికాడు, ఇంటిపేరు ఇంకో స్పెల్లింగ్‌తో. పాదిరికి ఎలా వినబడితే అలా రాసుకునేవాడు. సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టే కూలీ ఏం సరిచేస్తాడు?

ఈసారి తొందరపడలేదు. ఏ ఊరి పేదల్ని ఆ ఊరే పోషించాలని అప్పటి చట్టం. పొరుగూళ్ళో బతుకుతున్నవాడికి పని పోతే, పెళ్ళాం పిల్లలతో సహా సొంత ఊరికి పంపేయొచ్చు. అలాంటి ఉత్తర్వు ఒకటి కౌంటీ రికార్డ్ ఆఫీసులో దొరికింది, 1820 నాటిది. తండ్రి, తల్లి, నలుగురు పిల్లలు, వయసులతో సహా. మనవాడికి 6. పంపేసింది 1851లో ఆయన చెప్పిన ఊరి నుంచి, పంపింది 1814 బాప్తిస్మం జరిగిన ఊరికి. ఊహ తెలిసేసరికి ఉన్న ఊరినే పుట్టిన ఊరనుకున్నాడు కాబోలు. ఆస్తిపరులకైతే వీలునామాలుంటాయి, వీళ్ళకి ఇవే. మా ఆయన ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు.

కాబట్టి బాప్తిస్మం దొరగ్గానే, ఆ బిడ్డ చిన్నప్పుడే పోలేదని ఖననాల్లో చూసుకోండి. ఈ రిజిస్టర్లు వెతకడానికి ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ అనే వెబ్‌సైట్లు రెండూ ఉచితం. అయితే అక్కడ టైప్ చేసిన వివరాలతో సరిపెట్టుకోకుండా, వీలైతే అసలు పేజీ ఫొటో చూడండి. రిజిస్టర్ పోయి ఉంటే బిషప్‌కి ఏటా పంపిన నకళ్ళు ఉంటాయేమో వెతకండి. 1754 తర్వాతి పెళ్ళిళ్ళలో సాక్షుల పేర్లు వదలొద్దు, తరచూ వాళ్ళు తోబుట్టువులే. ఇంకో తిరకాసు: 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. రిజిస్టర్లో 1720 ఫిబ్రవరి అంటే మన లెక్కలో 1721.

మీ అల్లుడిగారిది ఏ కౌంటీ? చెప్తే అక్కడి రిజిస్టర్లు ఆన్‌లైన్లో ఉన్నాయేమో చూస్తాను.